కారే చోటు

నా భార్య సూర్యావతి చేత రాత మాన్పించింది పొగడ్త. జబ్బు కాదు. జబ్బు మనిషిని తీసుకుపోయింది, అది వేరే సంగతి. జబ్బు రాకముందు రాసింది. వచ్చాకా రాసింది. సూదులు గుచ్చి గుచ్చి కుడి చెయ్యి వాచిపోతే, వాచిన చేత్తోనే రాసింది. ఒక్క మెచ్చుకోలు మాటతో మానేసింది. దీని మీద నాతో ఎవరూ వాదించనక్కర్లేదు.

వచ్చే నెల ఆమె సంవత్సరీకం. వశిష్ఠ సాహితీ మిత్రులు ఆ రోజుకి ఆమె కథలు పుస్తకంగా వేస్తున్నారు. ముందు పేజీలో పెట్టడానికి భర్తగా నన్ను రెండు ముక్కలు రాయమన్నారు. నేను రాసే మనిషిని కాను. మా ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా చదివాను. తరవాత మా నాన్న పక్కన కూర్చుని చెక్క నావలు బాగుచేయడం నేర్చుకున్నాను. రాజోలుకి ఇవతల, ఏటి గట్టు మీద, నలభై ఏళ్ళుగా అదే పని.

ఆ పని గురించి ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. బాగుచేసిన నావని ఏట్లోకి దించేముందు గట్టు మీదే దిమ్మల మీద నిలబెట్టి దాని లోపల నీళ్ళు పోస్తాం. బయటనుంచి చూస్తే ఏ అతుకు దగ్గర చెమ్మ తేలుతోందో తెలుస్తుంది. అక్కడ సుద్దముక్కతో గీత పెడతాం. నావ తాలూకు మనిషి పక్కనే నిలబడి, "బాగానే ఉంది కదండీ గంగరాజు గారూ, ఇంకా గీతలేంటండీ" అంటాడు. వాడి మొహం చూడకూడదు. అతుకు చూడాలి. ఇది మా నాన్న నేర్పింది. నాకు తెలిసిన చదువు ఇదొక్కటే.

సూర్యావతి పది పాసైంది. అంగన్‌వాడీలో టీచరు. నలభై ఎనిమిదో ఏట కథలు రాయడం మొదలుపెట్టింది. ఫోనులో ఈ మిత్రుల గ్రూపులో ఎవరో చేర్చారు. పొద్దున్న లేస్తే ఆ గ్రూపులో ఒకరిది ఒకరు మెచ్చుకుంటూ ఉంటారు. నెలకో ఆదివారం లైబ్రరీ మేడ మీద కలుస్తారు. ఒకరు కథ చదువుతారు. తక్కిన పదకొండు మందీ వరసగా లేచి బాగుందంటారు. తరవాత చదివినవాళ్ళకి శాలువా కప్పి ఫొటో తీస్తారు. ఆ శాలువా ఒకటే. ఫొటో అయ్యాక మడతపెట్టి అధ్యక్షుడు చంద్రమౌళి మేష్టారి సంచీలో పెట్టేస్తారు. వచ్చే నెల ఇంకొకరికి.

ఆయన రిటైరైన తెలుగు మేష్టారు. పండితుల ఇంట పుట్టినవాడు. మంచివాడు. ఆ మంచితనమే నాకు గిట్టదు.

సూర్యావతి మొదటి కథ చదివిన రోజు నేను వెనక బెంచీలో కూర్చున్నాను. కథలో సౌమ్య అనే ఆవిడ వాన చూస్తూ బాల్కనీలో కాఫీ తాగుతుంది. మొగుడు అనుమానిస్తాడు. ఆవిడ మళ్ళీ కాఫీ తాగుతుంది. పదకొండు మందీ లేచారు. పోస్టాఫీసులో చేసే వేదవతి గారైతే కళ్ళు తుడుచుకున్నారు. శాలువా కప్పారు.

వచ్చేటప్పుడు బండి మీద వెనకనుంచి అడిగింది.

"ఏవండీ, మీరేం అన్లేదు."

"నువ్వడగలేదు."

"ఇప్పుడడుగుతున్నాను కదండీ."

"నువ్వెప్పుడైనా బాల్కనీలో కూచుని కాఫీ తాగేవా?"

"కథండీ అది! అన్నీ మనం చేసే రాస్తామా?"

"చెయ్యక్కర్లేదు. ఆ కప్పు ఎత్తినప్పుడల్లా నాకు నీ చెయ్యి కనపళ్ళేదు. టీవీలో చెయ్యి కనపడింది."

బండి తాటిపాక సెంటరు దాటింది. తరవాత, "అంతమందికి నచ్చింది. మీకొక్కరికే నచ్చలేదు" అంది.

"ఆయ్" అన్నాను.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పళ్ళెం పెట్టి, పక్కన నోటుపుస్తకం పెట్టింది. పుస్తకం మీద పెన్సిలు పెట్టింది.

"గీతలు పెట్టండి. ఎక్కడెక్కడ కారుతుందో నేనూ చూస్తాను."

తిని, చెయ్యి కడుక్కుని, పెట్టాను. పేజీకి ఐదో ఆరో పడ్డాయి. తీసుకుని చూసి నోరెళ్ళబెట్టింది.

"ఇదేంటండీ! నావా, జల్లెడా?"

"జల్లెడే."

"అయితే పొయ్యిలో పెట్టేస్తాను."

"మూడో పేజీ ఉంచు. అక్కడ ఒక చోట చెమ్మ లేదు."

ఆ చోట సౌమ్య పెళ్ళికి వెళ్ళేముందు అరచేతులకి నిమ్మతొక్క రుద్దుకుంటుంది. రెండు వాక్యాలు. గోళ్ళ కింద కూడా రుద్దుకుంటుంది. వాసన పోయిందో లేదో అని పక్కవాళ్ళు చూడకుండా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది.

"బాల్కనీ ఆవిడకి చేతులు వాసనెందుకు వస్తాయి? ఈ చేతులెవరివి?" అన్నాను.

పుస్తకం తనవైపు తిప్పుకుని ఆ రెండు వాక్యాలూ చదువుకుంది. "మా అమ్మవండి" అంది.

మా అత్త పోలమ్మ రొయ్యల షెడ్డులో ఇరవై ఏళ్ళు రొయ్యలు వలిచింది. తెల్లారుజామున వెళ్ళి ఐసునీళ్ళలో చేతులు పెడితే సాయంత్రం దాకా తియ్యదు. గోళ్ళు తెల్లగా, మెత్తగా ఉండేవి. బస్సెక్కేముందు నడుం దగ్గర రొంటిన దోపుకున్న నిమ్మతొక్క తీసి రుద్దుకునేది. నేను కళ్ళారా చూశాను. ఆమె కూతురు ఆ చేతుల్ని తీసుకెళ్ళి ఎవరో బాల్కనీ ఆవిడకి పెట్టింది.

సౌమ్య పోయింది. వాన పోయింది. సూర్యావతి వాళ్ళమ్మ కథ మొదలుపెట్టింది.

రెండోసారి రాసినదాంట్లో వాళ్ళమ్మ పేజీ పేజీకీ ఏడ్చింది.

"మీ అమ్మ ఎప్పుడు ఏడ్చింది?" అన్నాను. "పాతికేళ్ళు చూశాను. మీ నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు."

"ఆవిడ ఏడిస్తేనే కదండీ చదివినోళ్ళు ఏడుస్తారు."

"ఆవిడ ఏడ్చేస్తే చదివేవాడికి ఇంకేం మిగిలింది?"

"అబ్బ, మీతో పెట్టుకోకూడదు. ఆ గ్రూపులో పెడితే ఈపాటికి నలభై పువ్వులొచ్చేవి."

"పెట్టుకో. పూలదండలు కట్టుకో."

నవ్వింది. ఏడుపులన్నీ కొట్టేసింది. కొట్టేశాక పోలమ్మ కాగితం మీద నడవడం మొదలుపెట్టింది. నేను పైకి చెప్పలేదు.

ఈ గీతల సంగతి మిత్రులకి తెలిసింది. ఒక ఆదివారం లైబ్రరీ మెట్ల దగ్గర చంద్రమౌళి మేష్టారు నన్ను ఆపారు.

"గంగరాజు గారూ, మీరు సూర్యావతి గారి కథల మీద సుద్దగీతలు పెడతన్నారంటండీ?"

"పెన్సిలండి మేష్టారూ."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. తరవాత నన్ను పక్కకి తీసుకెళ్ళారు.

"చూడండీ. మా మిత్రులెవరండీ? ఒకాయన మందుల షాపు, ఒకావిడ పోస్టాఫీసు, ఒకాయన కొబ్బరి వ్యాపారం. వారమంతా చాకిరీ చేసి రెండు ముక్కలు రాసుకొస్తారు. బాగుందంటే వచ్చే నెల మళ్ళీ వస్తారు. బాలేదంటే రారు. నేను ఉద్యోగంలో ఉండగా ఒక పిల్లాడి పద్యం తరగతిలో అందరి ముందూ తప్పులు పట్టేనండి. వాడు మళ్ళీ పద్యం జోలికి వెళ్ళలేదు. అప్పణ్ణించి నేను ఎవర్నీ బాలేదనలేదండి."

"నావ బాగుందని చెప్పి ఏట్లోకి తోసేస్తే?"

"కథ మునిగితే ఎవరూ చచ్చిపోరు కదండీ."

దానికి నా దగ్గర జవాబు లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆయన మాట నేను ఒప్పుకోలేదు.

మూడోసారి రాసింది దాదాపు నిలబడింది. ఒక్క చోటే చెమ్మ. "అమ్మ షెడ్డు గేటు దగ్గర ఆగింది" అని ఒక వాక్యం. దాని కింద, "మర్నాడు అమ్మ పనికి వెళ్ళలేదు" అని ఇంకో వాక్యం. ఆ రెండింటి మధ్య గీత పెట్టాను.

"ఇక్కడేముంది?"

"ఏంలేదండి."

"ఉంది. ఏదో దాచావు."

పుస్తకం లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. వారం రోజులు ఆ పుస్తకం నాకు కనపడలేదు. ఆ తరవాత ఒకరోజు అంగన్‌వాడీ అయ్యాక సరాసరి గట్టు మీదకి వచ్చింది. నేను నావ కింద పడుకుని అతుకులో జనపనార కుక్కుతున్నాను. నా మొహం కనపడదు కాబట్టి చెప్పగలిగిందనుకుంటాను.

అప్పుడు తనకి పదేళ్ళట. జ్వరం వచ్చి తగ్గి, నోటికి రుచి లేక, రొయ్యల కూర కావాలని వాళ్ళమ్మని పీడించిందట. వాళ్ళమ్మ రోజంతా బుట్టలకి బుట్టలు రొయ్యలు వలుస్తుంది గాని, ఇంట్లో రొయ్య వండింది లేదు. ఆ సాయంత్రం తను గేటు బయట వాళ్ళమ్మ కోసం నిలబడిందట. పని దిగేటప్పుడు ఆడవాళ్ళని వరసలో నిలబెట్టి తడిమి పంపేవారు. వాళ్ళమ్మ దగ్గర ఆపారు. రొంటిన ముడి విప్పారు. గుప్పెడు రొయ్యలు అందరి ముందూ నేల మీద పడ్డాయి.

"అప్పుడు అమ్మ నావైపు చూసిందండి" అంది.

"నువ్వేం చేశావు?"

నేను నావ కిందనుంచి బయటికి వచ్చాను. ఏటివైపు చూస్తూ కూర్చుంది.

"అది చెప్పనండి. రాస్తాను. చెప్పేస్తే ఇంక రాయలేను. ఇదొక్కటీ సరిగ్గా రాస్తే చాలండి నాకు. మిగతాయన్నీ పొయ్యిలో పెట్టేసినా పర్లేదు."

అది ఆమె కోరిక. జీవితంలో నన్ను ఆమె అడిగినవి తక్కువ. ఇది అడిగింది కూడా కాదు, చెప్పింది. అయినా నేను మాట ఇచ్చినట్టే లెక్క.

రాయడానికి చాలా కష్టపడింది. రాయడం, చింపడం. మూడు నెలలకి కడుపులో నొప్పి అంది. కాకినాడ తీసుకెళ్ళాను. కోశారు. కోసి, మళ్ళీ కుట్టేశారు. మందు ఎక్కించడం మొదలుపెట్టారు. నోటుపుస్తకం ఆసుపత్రికి కూడా తెచ్చుకుంది.

మిత్రులు వంతులు వేసుకుని వచ్చారు. చంద్రమౌళి మేష్టారు రక్తం ఇచ్చేవాళ్ళని ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. అది మర్చిపోను. వేదవతి గారు బత్తాయిలు తెచ్చారు. మంచం పక్కన కూర్చుని నోటుపుస్తకం తిరగేశారు.

"ఎంత బాగా రాసేరండీ సూర్యావతి గారూ! అమృతమండి. ఇంకేం దిద్దక్కర్లేదు. హాయిగా రెస్టు తీసుకోండి."

ఆవిడ వెళ్ళాక సూర్యావతి నావైపు తిరిగింది.

"చూసేరా? పేజీలు రెండేసి తిప్పేసేరు. నేను పోతానని పొగుడుతున్నారండి."

"నోర్ముయ్."

"మీరు తిడుతున్నంతకాలం నాకేం భయం లేదండి. మీరు గీత పెట్టేరంటే, నేను దిద్దుకునే టైముందనేగా."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఆ పూట ఒక గీత ఎక్కువే పెట్టాను.

ఆ వారంలోనే డాక్టరు నన్ను గది బయటికి పిలిచాడు. ఇంటికి తీసుకెళ్ళిపోండి అన్నాడు. రెండు నెలలు అన్నాడు, అటూ ఇటూగా. నేను ఆమెతో చెప్పలేదు. ఆమె అడగలేదు. అడగందే చెప్పకపోవడం అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను.

ఇంటికి వచ్చిన పది రోజులకి, ఒక మధ్యాహ్నం, అరుగు మీద మంచంలో దిండుకి ఆనుకుని నాలుగు కాగితాలు చేతికిచ్చింది.

"అయిపోయిందండి. గేటు దగ్గరది రాసేసేను. చూడండి."

చదివాను. గేటు ఉంది. వరసలో ఆడవాళ్ళు ఉన్నారు. ముడి విప్పిన చెయ్యి ఉంది. నేల మీద రొయ్యలు పడ్డ చప్పుడు కూడా ఉంది, తడి చప్పుడు. అంతవరకు గీత పెట్టడానికి సూది మొనంత చోటు లేదు. అలాంటిది నేను ఎక్కడా చదవలేదు. తరవాత చివరి పేజీ. పిల్ల పరిగెత్తుకెళ్ళి వాళ్ళమ్మని వాటేసుకుంటుంది. వాళ్ళమ్మ పిల్ల నెత్తి మీద చెయ్యి వేస్తుంది. ఇద్దరూ అలా నిలబడతారు. అయిపోయింది.

అది జరగలేదు.

చదువుతుండగానే తెలిసింది. పోలమ్మ షెడ్డు బట్టలతో ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. మనవలు ఎదురెళ్ళినా రెండు చేతులూ పైకెత్తేసి, "ఆగండ్రా, ఆగండి, తానం చేసొస్తాను" అనేది. నేను చూసినంతకాలం ఒక్కసారి కూడా తప్పలేదు. అలాంటి మనిషి గేటు దగ్గర, ఆ చేతులతో, పిల్ల నెత్తి ముట్టుకోదు. అసలు పిల్ల పరిగెత్తలేదు. ఏం చేసిందో నాకు తెలియదు. ఇది మాత్రం చెయ్యలేదు. అక్కడిదాకా వచ్చి, ఓపిక చాలక, దగ్గరి గట్టు ఎక్కేసింది.

నేను అనాల్సింది ఒక్క మాట. "ఇది జరగలేదు." అంతే. అంటే మళ్ళీ రాసేది. ఇంకో పది రోజులు పట్టేది. రాస్తూ కక్కుకునేది, కక్కుకుని రాసేది.

నేను కాగితం మీదనుంచి తలెత్తి ఆమె మొహం చూశాను. మా నాన్న చూడొద్దన్నది అదే. మెడ దగ్గర ఎముకలు. జుట్టు లేని తల మీద తువ్వాలు. కళ్ళు మాత్రం నా చేతిలో పెన్సిలు మీద ఉన్నాయి.

"బాగుంది" అన్నాను.

"అంతేనా?"

"చాలా బాగుంది. ఇంక ముట్టుకోకు."

"గీత పెట్టలేదేంటండీ?"

"పెట్టడానికి చోటు లేదు."

నన్ను అలాగే చూసింది. ఎంతసేపో చెప్పలేను. వీధిలో కొబ్బరికాయల ట్రాక్టరు పోయింది, ఆ చప్పుడు దూరమైంది, ఇంకా చూస్తూనే ఉంది.

"డాక్టరు గారు మీతో ఏం చెప్పేరండీ?"

"ఏం చెప్తాడు? మందు మారుస్తానన్నాడు."

"ఎన్నాళ్ళన్నారు?"

నేను లేచి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాను. ఆమె నీళ్ళు అడగలేదు. తెచ్చేసరికి పెన్నుకి మూత పెట్టేసింది. కాగితాలు పుస్తకంలో పెట్టి నా చేతికిచ్చింది.

"మేష్టారికి ఇచ్చేయండి. ఆయనకి నచ్చుతుంది."

ఆ తరవాత నలభై ఏడు రోజులు బతికింది. ఒక్క అక్షరం రాయలేదు. పుస్తకం అడగలేదు. పదకొండు మంది రెండేళ్ళు పొగిడినా మానని మనిషి, నా ఒక్కడి మాటతో మానింది.

చివరి వారాల్లో ఒకసారి ఉండబట్టలేక బయటపెట్టాను. వాటేసుకోవడం నిజం కాదు, నాకు తెలుసు, అబద్ధం చెప్పాను అన్నాను.

"తెలుసండీ" అంది. "నేను రాసింది అబద్ధమని నాకూ తెలుసు. మీరు పట్టుకుంటారనుకున్నాను."

"పట్టుకున్నాను, సూర్యం. అనలేకపోయాను. ఇప్పుడు రాయకపోతే పోనీ. ఆ రోజు నువ్వేం చేశావో నాకు చెప్పు. నేను గుర్తుపెట్టుకుంటాను."

కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"వద్దండి. ఇప్పుడు ఏం చెప్పినా మీరు బాగుందంటారు."

పదేళ్ళ పిల్ల ఆ గేటు దగ్గర ఏం చేసిందో ఇంక ఎవరికీ తెలియదు. మొహం తిప్పుకుందో, పారిపోయిందో, ఆవిడ ఎవరో తెలియనట్టు నిలబడిందో. చూసిన పోలమ్మ లేదు, చేసిన సూర్యావతి లేదు.

పోయిన వారం చంద్రమౌళి మేష్టారు అచ్చు కాగితాలు పట్టుకుని వచ్చారు. పుస్తకంలో ఈ కథే మొదటిది.

"ఆ గేటు దగ్గర వాటేసుకునే చోటుందే, గంగరాజు గారూ, అక్కడ మా మిత్రులందరం ఏడిచేసేమండి. ఏం రాసేరండీ ఆవిడ!"

"అది జరగలేదండి మేష్టారూ."

ఆయన కళ్ళజోడు తీసేశారు.

"మరేం జరిగిందండీ?"

"తెలీదండి. అనాల్సిన మాట నేను అనాల్సినప్పుడు అనలేదు."

అద్దాలు తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. మెల్లిగా, "పోనీ ఆ చివరి పేజీ తీసేద్దామంటారా? రొయ్యలు కింద పడ్డ దగ్గర ఆపేద్దామండి. మీరు గీత పెట్టండి, తీసేస్తాను" అన్నారు. జేబులో పెన్ను తీసి ఇచ్చారు.

పట్టుకున్నాను. కాగితం మీద పెట్టాను కూడా. ఆమె బతికుండగా, నా ఎదురుగా చెయ్యి చాపి అడిగినప్పుడు పెట్టని గీత, అడ్డు చెప్పలేని మనిషి మీద ఇప్పుడు పెట్టే హక్కు నాకు లేదు. పెన్ను ఆయనకి ఇచ్చేశాను.

"ఉంచెయ్యండి" అన్నాను. "అలాగే అచ్చేయండి."

ఆయన వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర, "అయినా బాగుంటుందండి" అన్నారు. ఆయన అలవాటు అది.

మీరడిగిన రెండు ముక్కలు ఇవే. పుస్తకంలో వేస్తే వేయండి, వద్దనుకుంటే మానేయండి. మార్చి మాత్రం వేయొద్దు. సభకి వస్తాను, కూర్చుంటాను, నన్ను పైకి పిలవొద్దు. ఈ కథ గురించి, ఆ మధ్యాహ్నం గురించి నన్ను ఎవరూ ఏమీ అడగొద్దు. అడిగినా చెప్పను. నా నోట ఈ మాట రావడం ఇదే ఆఖరు.